ఊరు చూపించిన ఖాలా

మొన్న శుక్రవారం పొద్దున మా ఖాలా పోయింది. ఖమ్మంలో కాలేజీకి తయారవుతూ నేను కుక్కరు దగ్గర నిలబడి ఉంటే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "టీచరమ్మా, అమ్మీ పోయింది. నమాజు చదువుకొని గోడకు ఒరిగి కూసుంది. చాయ్ తీస్కపోయి పిలిస్తే పలకలే" అన్నాడు. స్టవ్ ఆపేసి, ప్రిన్సిపాల్ గారికి సెలవు చెప్పి, సత్తుపల్లి బస్సెక్కాను.

ఖాలా అంటే పిన్ని. అట్లా పిలిచేదాన్నే గాని ఆమె నాకు చుట్టమేమీ కాదు. సత్తుపల్లిలో నేను కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలు. కాలేజీ రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే సందులో వాళ్ళ ఇల్లు. కింద వాళ్ళు ఉండేవాళ్ళు. పైన రేకుల గదుల్లో, కాలేజీ కోసం ఊరికి వచ్చిన నాలాంటి వాళ్ళం. ఆమె భర్త టైలరు. డిగ్రీ కాలేజీ పిల్లల యూనిఫాంలు చాలా ఏళ్ళు ఆయన మిషను మీదే కుట్టారు. ఆయన పోయాక కొడుకు అదే షాపులో కూర్చున్నాడు. ఖాలా ఇంట్లో వంట చేసేది, షాపు నుంచి వచ్చిన చొక్కాలకు గుండీలు కుట్టేది. ఇవి కాక ఆమెకు ఇంకో పని ఉండేది. అది ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఊరికి కొత్తగా ఎవరొచ్చినా వాళ్ళను వెంటబెట్టుకుని ఊరు చూపించేది.

సత్తుపల్లిలో చూడ్డానికి ఏముందని మీరు అడగొచ్చు. ఖమ్మం నుంచి అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి పోయే బస్సులో మీరెప్పుడైనా ఆ ఊరు దాటి ఉంటే, మీకు గుర్తుండేది బొగ్గు లారీలు, రోడ్డు పక్క ఫ్లెక్సీలు, బస్టాండులో పల్లీలమ్మే కేకలు. అంతే. మొదటిసారి కాంట్రాక్టు లెక్చరరుగా చేరడానికి వెళ్ళినప్పుడు నాకూ అంతే కనిపించింది. మాది కుసుమంచి దగ్గర పల్లె. మా నాన్న నన్ను దింపడానికి వచ్చాడు. గదిలో పెట్టె దించి, చెమట తుడుచుకుంటూ, "ఏందీ ఊరు, దుమ్ము తప్ప ఏం లేదు. ఒక్క ఏడాది ఓర్చుకో బిడ్డా. మళ్ళ ఖమ్మం దిక్కు చూస్కుందాం" అన్నాడు.

అప్పుడే చాయ్ గ్లాసులతో మెట్లెక్కి వచ్చింది ఖాలా. ఆ మాట విన్నది. గ్లాసు నాన్న చేతికిస్తూ అడిగింది.

"ఊరు చూసిన్రా భాయ్‌సాబ్?"

"బస్సులకెళ్ళి చూసిన గదమ్మా."

"బస్సులకెళ్ళి చూస్తే రోడ్డు కనిపిస్తది. ఊరు యాడ కనిపిస్తది? చాయ్ తాగుండ్రి, పోదాం."

నాన్నకు మొహమాటం. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి వెంట ఊరు తిరగడమేంటని నా వైపు చూశాడు. ఖాలా అప్పటికే బురఖా వేసుకుని, నల్ల గొడుగు చంకలో పెట్టుకుని కింద నిలబడి ఉంది. ఎండ ఉన్నా లేకున్నా ఆ గొడుగు ఉండాల్సిందే. దాన్ని తెరవడం నేను చాలా తక్కువ చూశాను. అది దారి చూపించడానికి, కుక్కల్ని అదిలించడానికి, ఎవరినైనా ఆపి మాట్లాడించడానికి.

ముందు మెస్సుకు తీసుకెళ్ళింది. ఆ మెస్సు నడిపే ఆవిడ వాళ్ళది వేంసూరు వైపు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. "మా పైన గదిలకు కొత్త టీచరమ్మ వచ్చింది. నీ పెద్దమ్మాయిలెక్క చూస్కో" అంది ఖాలా. ఆవిడ నాన్నతో, "కూరలో కారం ఎక్కువైతే చెప్పమనండి బాబాయ్ గారూ, మొహమాటపడితే కడుపు కాలుద్ది" అంది. మెస్సు తర్వాత మందుల షాపు. "ఈ బిడ్డ తలనొప్పి గోలీ అడిగితే, అన్నం తిన్నదా లేదా అడిగి ఇయ్యి" అని ఆ షాపాయనకు చెప్పింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి తలూపాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎమ్మే చదివి, పాఠం చెప్పడానికి వచ్చినదాన్ని, చంటిపిల్లను అప్పజెప్పినట్టు దుకాణం దుకాణానికీ అప్పజెబుతోంది.

జిరాక్సు షాపు ముందు నిలబడి ఉండగా కాళ్ళ కింద నేల దడదడలాడింది. షాపు అద్దాలు మోగాయి. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఖాలా నవ్వింది. "భయపడకుండ్రి. బొగ్గు బాయిల బ్లాస్టింగు. రోజూ అయితది. మీరు ఉన్నప్పుడే అయ్యింది, మంచిగైంది. రేపు ఫోన్ల ఈ సప్పుడు వినపడితే పరేషాన్ కారు" అంది.

పొద్దు వాలేసరికి కాలేజీ గ్రౌండుకు చేరాం. ఆ ఊరు ఎందుకు బాగుంటుందో నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. ఒక మూల వాలీబాల్ ఆడే పిల్లలు. గోడ వెంట హాస్టల్ అమ్మాయిలు ఇద్దరిద్దరుగా నడుస్తూ, పుస్తకం ఛాతీకి ఆనించుకుని, పైకి గొణుక్కుంటూ చదువుతున్నారు. వేపచెట్ల కింద రిటైరైన సార్లు ఒకే పేపరును విడదీసి తలా ఒక షీటు చదువుతున్నారు. గేటు దగ్గర మిర్చిబజ్జీల బండి. దాని చుట్టూ రకరకాల మాట. మా వైపు మాట, కోస్తా మాట, ఉర్దూ, అడవి పల్లెల పిల్లలు తమలో తాము మాట్లాడుకునే కోయ. అన్నీ ఆ నూనె వాసనలో కలిసిపోయి వినిపించాయి. నాన్న సిమెంటు బెంచీ మీద కూర్చుని బజ్జీలు తిన్నాడు. చాలాసేపు లేవలేదు. "గాలి మంచిగున్నదిక్కడ" అన్నాడు చివరికి. ఖాలా గొడుగు ఒళ్ళో పెట్టుకుని, తన ఇంటికి వచ్చిన చుట్టం కడుపునిండా తింటుంటే చూసే మనిషిలా చూసింది.

ఒక్క ఏడాది అనుకున్నది నేను ఆ గదిలో చాలా ఏళ్ళు ఉన్నాను. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కంటే ముందు, "బజ్జీలాయన ఉన్నడా? ఆ పేపరు సార్లు వస్తున్రా?" అని అడిగేవాడు. ఊళ్ళో పొలం దగ్గర కూర్చుని సాయంత్రం ఆరింటికి తన బిడ్డ ఎక్కడ నడుస్తోందో ఆయన కళ్ళకు కట్టేది. అమ్మకు కూడా చెప్పేవాడట. "ఇప్పుడు కాలేజీల్నుంచి వచ్చి గ్రౌండు దిక్కు పోయుంటది" అని.

కాలేజీ ఊళ్ళకు ఒక తమాషా ఉంటుంది. జూన్, జూలైలలో రేకు పెట్టెలతో, బకెట్లతో నిండిపోతాయి. ఏ బస్సులో చూసినా పక్కన కూతుర్నో కొడుకునో కూర్చోబెట్టుకుని బిక్కుబిక్కుమంటున్న తల్లిదండ్రులే. మే నెలలో అదే ఊరు బోసిపోతుంది. జిరాక్సు షాపాయన పగటిపూట కునుకు తీస్తాడు. మెస్సు ఆవిడ వడియాలు పెట్టుకుంటుంది. పరీక్షల పొద్దున్నైతే ఊరంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఇవన్నీ నేను మెల్లగా నేర్చుకున్నాను. ఖాలా మాత్రం ప్రతి జూన్‌లోనూ గొడుగు పట్టుకుని సందు మొదట్లో నిలబడేది. పెట్టె మోసుకుంటూ అడ్రసు వెతుక్కునే వాళ్ళు కనిపిస్తే చాలు. వాళ్ళు తన ఇంట్లో కిరాయికి దిగుతారా, ఎదురింట్లో దిగుతారా అన్నది ఆమెకు పట్టేది కాదు. కొడుకు విసుక్కునేవాడు. "అమ్మీ, నీకు మోకాళ్ళ నొప్పులు. వాళ్ళే చూస్కుంటరు లే" అంటే, "వాళ్ళు గేటు చూసి పోతర్రా. గేటు చూస్తే ఏం కండ్లకొస్తది?" అనేది.

ఈ పట్టుదల ఎక్కడిదని ఒక మధ్యాహ్నం అడిగాను. వరండాలో కూర్చుని గుండీలు కుడుతోంది. సూది ఆపకుండానే చెప్పింది. ఆమెకు కొడుకు కంటే ముందు ఒక కూతురు. నాందేడ్‌లో ఇచ్చారు. పెళ్ళి ఇక్కడే చేసి పంపారు. షాపు వదిలి పోయే వీలు లేక, చేతిలో డబ్బు లేక, ఈ పండుగకు పోదాం, వచ్చే పండుగకు పోదాం అనుకుంటూనే గడిచిపోయింది. బిడ్డ ఫోన్ చేస్తే ఈమె అడిగేదట, మీ కిటికీలకెళ్ళి చూస్తే ఏం కనిపిస్తది, నీళ్ళు యాడికెళ్ళి తెచ్చుకుంటవు, పక్కింటోళ్ళు పలకరిస్తరా అని. ఆ పిల్ల నవ్వేదట. వచ్చి చూడమ్మీ, నేను చెప్తే ఏం తెలుస్తది అని.

"కాన్పుల పోయింది బేటీ. పోయినంక పోయినం. ఆ ఇంటి గడప నేను చూసింది గా రోజే. నీళ్ళ కుండ యాడ పెట్టుకున్నదో, కిటికీ యాడున్నదో అన్నీ గా రోజే చూసిన. ఇంకో అమ్మకు గట్ల కావద్దు."

అంతే చెప్పింది. దారం కొరికి, చొక్కా మడిచి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆమె ఎవరో మీకు బాగా చెబుతుందనుకుంటాను. దమ్మపేట అవతల అడవి పల్లె నుంచి వచ్చిన ఒక కోయ అమ్మాయి నా క్లాసులో ఉండేది. హాస్టల్లో ఉండి మొదటి సంవత్సరం చదువుతోంది. నెమ్మదస్తురాలు. ఒకసారి జ్వరం వచ్చి వారం పైగా పడుకుంది. తగ్గాక ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. ఆ మర్నాడే తండ్రి వచ్చేశాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో ఖాళీ సంచి. పిల్ల బట్టలు పెట్టుకుపోవడానికి తెచ్చుకున్న సంచి అది.

స్టాఫ్ రూములో కూర్చోబెట్టి నేను చాలాసేపు మాట్లాడాను. పిల్ల బాగా చదువుతోందని, డిగ్రీ అయితే టీచరు ఉద్యోగం వస్తుందని, మధ్యలో ఆపితే ఇన్నాళ్ళ కష్టం పోతుందని చెప్పాను. ఆయన కాదనలేదు. ప్రతి మాటకూ తలూపాడు. అంతా అయ్యాక లేచి నిలబడి, "మంచిది మేడం. పంపియ్యుండ్రి, బస్సు పోతది" అన్నాడు. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏడవడం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. కాళ్ళ వైపు చూస్తూ అట్లాగే నిలబడిపోయింది.

వాళ్ళ బస్సు సాయంత్రానికి గాని లేదు. ఇంతలో అన్నమైనా పెడదామని ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చాను. ఖాలా వాళ్ళను చూసింది, ఖాళీ సంచి చూసింది. సంగతి నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. హాస్టల్ పిల్లల దగ్గర ఆమె కోయలో ఒకటి రెండు మాటలు నేర్చుకుంది. అన్నం తిన్నావా అన్న మాట ఆయన్ను కోయలోనే అడిగింది. ఎంత తప్పుగా పలికిందో ఏమో, అంతసేపూ తల దించుకుని ఉన్న పిల్ల ఫక్కున నవ్వింది. తండ్రి కూడా పెదవి కదిపాడు.

అన్నాలయ్యాక ఆమె ఒక్కటే అడిగింది. "అన్నా, నీ బిడ్డ ఉన్న ఊరు చూసినవా?"

"చూసిన. హాస్టల్ గేటు కాడికి వచ్చిన, పోయిన."

"లోపలికి రానియ్యరా?"

"మగోళ్ళను రానియ్యరు. గేటు కాడనే మాట్లాడి పోతం."

"తీస్కపోయేదైతే తీస్కపో. నీ బిడ్డ, నీ ఇష్టం. బస్సుకు ఇంక టైమున్నది. జర నా ఎంట నడువు."

నలుగురం బయల్దేరాం. అప్పటికే ఆమెకు మోకాళ్ళు సతాయిస్తున్నాయి. ఆగి ఆగి నడిచింది. ఈసారి మాత్రం ఆమె చెప్పలేదు. పిల్లతో చెప్పించింది. "నువ్వు పెన్ను యాడ కొంటవో మీ నాయినకు చూపియ్యి" అంటే పిల్ల చూపించింది. పెన్నుల షాపాయన, "ఈ పాప నీలం పెన్ను తప్ప కొనదండీ" అన్నాడు. తండ్రి ఆగిపోయి ఆయన్ను చూశాడు. తన బిడ్డ గురించి ఈ ఊరి మనిషికి ఒక సంగతి తెలుసు. మందుల షాపులో, "జ్వరమొచ్చినప్పుడు గోలీలు ఇచ్చింది ఈయననే, రోజూ హాస్టల్ పిల్లలతో కబురు అడిగేటోడు" అని పిల్ల చెప్పింది. గ్రంథాలయం కిటికీలోంచి తాను కూర్చునే కుర్చీ చూపించింది. గ్రౌండులో తాను నడుస్తూ చదివే గోడ చూపించింది. ఆ గోడను ఆయన అరచేత్తో ఒకసారి తడిమాడు. వర్షం వస్తే ఎక్కడ నిలబడతావు అని అడిగాడు. స్కూటర్ల షెడ్డు చూపించింది. ఆ షెడ్డు కిందికి పోయి నిలబడి, పైన రేకులు చూసి, బయటికి వచ్చాడు.

బస్టాండులో వాళ్ళ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు అడవి పల్లెల పేర్లు వరసగా అరుస్తున్నాడు. పిల్ల నా పక్కనే నిలబడింది. నేను ఆయన చేతిలో సంచినే చూస్తున్నాను. ఖాలా బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది. ఆయన ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఇంటికాడ మా ఆడామె రోజూ అడుగుతది అమ్మా. పొద్దుగూకింది, పిల్ల యాడున్నదో అని. వానొచ్చింది, యాడున్నదో అని. నాకు గేటొక్కటే తెలుసు. ఏం చెప్పాలె? జ్వరమొచ్చినప్పుడు గూడ ఎవరు చూసిన్రో తెల్వకపాయె. అందుకే వచ్చిన."

"అవ్. గిప్పుడు చెప్తవా?" అంది ఖాలా.

"చెప్త."

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, కూతురి నెత్తి మీద చెయ్యి వేసి, ఒక్కడే బస్సెక్కాడు. బస్సు కదిలాక పిల్ల ఏడ్చింది. ఖాలా ఆ పిల్లను దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమనలేదు. "ఏడువు, ఏడ్చినంక బజ్జీలు తిందాం. నాకు ఆకలైతున్నది" అంది.

మరుసటి నెల ఆయన భార్యను తీసుకుని వచ్చాడు. ఆమెకు తెలుగు అంతగా రాదు. ఖాలాకు కొంగునిండా కందికాయలు తెచ్చింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కాకుండానే ఊరంతా తిరిగారు. ఎక్కడెక్కడ ఏముందో ఆ రోజు ఖాలా కంటే ముందు తండ్రే చూపించాడు. షెడ్డు దగ్గరికి భార్యను చెయ్యి పట్టి తీసుకెళ్ళడం నాకు బాగా గుర్తు.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. బీఈడీ చేసింది. ఇప్పుడు అడవి వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. నాకు ఖమ్మంలో ఉద్యోగం వచ్చి నేను వెళ్ళిపోయాక కూడా, సెలవుల్లో ఆమె ఖాలాను చూసి వచ్చేది. వాళ్ళ బడిలో పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రుల్ని గేటు దగ్గర ఆపదని, పిల్లలు పడుకునే గదితో సహా అన్నీ చూపిస్తుందని ఖాలాయే నాకు ఫోన్లో గొప్పగా చెప్పింది.

చివరి రెండు మూడేళ్ళూ ఖాలా నడవలేకపోయింది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. పోయిన దసరా సెలవుల్లో నేను వెళ్ళినప్పుడు, "నన్ను జర తిప్పవా బేటీ" అని అడిగింది. ఆటో మాట్లాడాను. ఊరు చాలా మారింది. మెస్సు ఉన్నచోట మొబైల్ షాపు వచ్చింది. పేపరు సార్లలో కొందరు లేరు. కొత్తగా కాఫీ షాపు, అందులో గోడ నిండా బొమ్మలు, పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. నాకు దిగులేసింది. "అంతా మారిపోయింది ఖాలా" అన్నాను. ఆమె ఆటోలోంచి మెడ బయటికి పెట్టి, దీక్షగా చూస్తోంది. "మారనియ్యి. గా కాఫీ హోటలాయన ఎవరు? ఆటో ఆపమను, పలకరిద్దాం. రేపు ఎవరన్న వస్తే చెప్పాలె గద, అండ్ల పిల్లలు ఏం తాగుతరో" అంది. ఆపాం. లోపలికి పోలేక ఆటోలోనే కూర్చుని, ఆ కుర్రాణ్ణి పిలిపించుకుని, నీది ఏ ఊరు, అన్నం ఎక్కడ తింటున్నావు అని ఆరా తీసింది. వాడు ఆమెకు గాజు గ్లాసులో చల్లటి కాఫీ తెచ్చిచ్చాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, మిగతాది నాకిచ్చింది. "మంచిగున్నదని చెప్పు, పిల్లగాడు ఎదురు చూస్తున్నడు" అని నా చెవిలో అంది.

ఆమెను చూడ్డం అదే ఆఖరు.

శుక్రవారం నేను చేరేసరికి సందు నిండిపోయి ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పాత కిరాయిదార్లు, వాళ్ళ తల్లిదండ్రులు. ఏదో ఒక జూన్‌లో ఆమె వెంట నడిచిన వాళ్ళే అందరూ. ఒకాయన ఎవరితోనో చెబుతున్నాడు, "మావాణ్ణి దింపనీకి వచ్చినప్పుడు నాకు ఈ ఊళ్ళ మంచినీళ్ళు ఇచ్చింది ఈమెనే" అని. జుమ్మా నమాజు అయ్యాక జనాజా లేచింది. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ కాలేజీ రోడ్డు మీదుగా తీసుకెళ్ళారు. ఆ కోయ తండ్రి కూడా భుజం పట్టాడు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. దుకాణాల వాళ్ళు షట్టర్లు సగం దించి బయట నిలబడ్డారు. ఆడవాళ్ళం ఖబరస్తాన్‌కు వెళ్ళం కాబట్టి ఇంట్లోనే ఉండిపోయాం.

లోపలి గదిలో తెల్ల దుప్పటి పరిచి, మధ్యలో చింతగింజలు కుప్ప పోశారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, పోయినామె కోసం కలిమా చదువుతూ, చదివినప్పుడల్లా లెక్కకు ఒక గింజ తీసి పక్కన పెడుతున్నారు. నా స్టూడెంటు, ఆ కోయ అమ్మాయి, నా పక్కన కూర్చుంది. వాళ్ళమ్మ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది. తర్వాత మెల్లగా వచ్చి దుప్పటి అంచున కూర్చుంది. ఖాలా కోడలు జరిగి చోటిచ్చింది. ఆ తల్లి పిడికెడు గింజలు ఒళ్ళోకి తీసుకుంది. ఆమెకు ఉర్దూ రాదు, కలిమా తెలియదు. కళ్ళు మూసుకుని తన భాషలోనే ఏదో అంటూ, ఒక్కో గింజనూ వేలితో నిమిరి, అందరూ పెడుతున్న కుప్పలోనే పెడుతోంది.